కృష్ణపట్నం మందు: పరీక్ష ఎవరి కోసం?

2021 మే 21న నెల్లూరు జిల్లా ముత్తుకూరు మండలంలోని కృష్ణపట్నానికి జనం వేలల్లో వచ్చిపడ్డారు. బోణిగి ఆనందయ్య అనే నాటు వైద్యుడు కరోనాకు ఉచితంగా ఇస్తున్న మందు కోసం వచ్చారు. వాహనాలు కిలోమీటర్ల పొడవున ఆగిపోయాయి. అంబులెన్సుల్లో పడుకునే వచ్చిన రోగులూ ఉన్నారు. తాకిడి తట్టుకోలేక ఆ రోజే పంపిణీ ఆపేశారు. ఆ తర్వాత పత్రికల్లో, టీవీల్లో జరిగిన చర్చంతా రెండు మాటల చుట్టూనే తిరిగింది. ఒకరికి అది సంజీవని, మరొకరికి మూఢనమ్మకం.

ఈ గొడవలో అసలు ప్రశ్న అడుగున పడిపోయింది. ఒక మందు పనిచేస్తుందో లేదో తేల్చేదెట్లా? తేల్చే పని ఎవరి చేతుల్లో ఉంది? తేలిన సంగతి మన వాడలకు ఎందుకు చేరదు? మా ఇండ్లలో మొదట యూనివర్సిటీ గడప తొక్కినవాళ్ళం మేము. మేము డాక్టర్లం కాదు. అయినా జ్వరమొస్తే "ఈ బిళ్ళ మంచిదేనా?" అని మా వాళ్ళు ముందు మమ్మల్నే అడుగుతారు. కార్యకర్తలను, టీచర్లను కూడా అట్లాగే అడుగుతారు. అందుకే ఇటీవలి వైద్య పరిశోధనల్లో పల్లె డాక్టరుకు, రోగికి పనికొచ్చే కొన్నిటిని కృష్ణపట్నం ఉదాహరణతో ఇక్కడ వివరిస్తున్నాం.

జనం ఎందుకు పోయారు

ముందుగా ఒక సంగతి చెప్పాలి. ఆ రోజు క్యూలో నిలబడ్డవాళ్ళను అజ్ఞానులని తిట్టడం తేలిక. అప్పటి పరిస్థితి ఏమిటో గుర్తు తెచ్చుకుంటే అంత తేలిగ్గా నోరు రాదు. అంతకు 11 రోజుల ముందు, మే 10న, తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ సరఫరాకు ఆటంకం కలిగి 11 మంది చనిపోయారని ప్రభుత్వమే ప్రకటించింది. రెమ్‌డెసివిర్ ఇంజెక్షన్ దొంగ బజారులో పలికిన ధరకు పుస్తెలమ్మినా చాలని రోజులవి. నిబంధనల ప్రకారం మైదాన ప్రాంతంలో 30,000 జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. అంతమందిని ఒకరిద్దరు డాక్టర్లు, కొద్దిమంది నర్సులు, ఆశా కార్యకర్తలు చూడాలి.

ఇదే తీరంలో 2008 నుంచి ఓడరేవు నడుస్తోంది. మన రాష్ట్రానికి మొదటి దళిత ముఖ్యమంత్రి అయిన దామోదరం సంజీవయ్య పేరు పెట్టిన థర్మల్ విద్యుత్ కేంద్రం పక్కనే నేలటూరు దగ్గర ఉంది. ఓడల్లో బొగ్గు దిగడానికి, తీగల మీద కరెంటు పోవడానికి దారులు పడ్డాయి. ఊపిరాడని మనిషికి మాత్రం ఆ నెలలో ఏ దారీ తోచలేదు. డబ్బడగకుండా ఒక మనిషి చేతిలో మందు పెడుతున్నాడంటే పోవడానికి కారణం కావలసినంత ఉంది. పైగా ఆ క్యూలో పేదలే లేరు, కార్లేసుకొచ్చినవాళ్ళూ ఉన్నారు.

"నాకు తగ్గింది" అంటే రుజువేనా

కరోనా సోకిన నూరు మందిలో చాలా ఎక్కువమందికి ఏ మందూ వాడకపోయినా తగ్గిపోతుంది. అట్లాంటి నూరు మందికి తేనె నాకించినా, పారాసిటమాల్ ఇచ్చినా, తాయెత్తు కట్టినా తగ్గినవాళ్ళంతా ఆ ఇచ్చినదాన్నే పొగుడుతారు. వాళ్ళు అబద్ధమాడుతున్నారని కాదు. మందు తీసుకోకపోతే ఏమయ్యేదో వాళ్ళకు తెలిసే అవకాశం లేదు, అంతే. తగ్గని మనిషి వచ్చి చెప్పడు. చనిపోయిన మనిషి అసలే చెప్పలేడు. కనుక మన చెవిన పడేవన్నీ గెలిచిన కథలే.

దీనికి విరుగుడు పోలిక. 1747లో ఇంగ్లండు నౌకాదళ వైద్యుడు జేమ్స్ లిండ్ చిగుళ్ళ నుంచి రక్తం కారే స్కర్వీ జబ్బున్న 12 మంది నావికులను ఇద్దరిద్దరుగా విడదీశాడు. ఒక్కో జంటకు ఒక్కో వైద్యం చేశాడు. నారింజ, నిమ్మ పండ్లు తిన్న జంట త్వరగా కోలుకుంది. ఇప్పటి పద్ధతి దీనికన్నా గట్టిది. వందలు, వేలమంది రోగులను చీటీలు వేసినట్టు రెండు గుంపులు చేస్తారు. ఒక గుంపుకు మందు, రెండో గుంపుకు మామూలు వైద్యం గానీ చూడ్డానికి అట్లాగే ఉండే ఉత్తుత్తి బిళ్ళ గానీ ఇస్తారు. వీలైన చోట ఎవరికి ఏది పోయిందో రోగికీ తెలియనివ్వరు, డాక్టరుకూ తెలియనివ్వరు. చివర లెక్క చూస్తారు.

చీటీ ఎందుకంటే, మనిషి ఎంపిక చేస్తే పక్షపాతం వస్తుంది. బాగున్నవాళ్ళకు మందిచ్చి, చావుకు దగ్గరైనవాళ్ళను వదిలేస్తే ఏ మందైనా గొప్పదే అవుతుంది. చీటీకి కులం లేదు, సిఫారసు లేదు, మొహమాటం లేదు.

ప్రభుత్వం ఏం చూసింది, ఏం చెప్పింది

కృష్ణపట్నం మందులో తేనె, మిరియాలు, నల్లజీలకర్ర, వేప, మారేడు, తెల్లజిల్లేడు లాంటివి ఉన్నాయని చెప్పారు. తినే మందు కాక, ఆక్సిజన్ పడిపోయినవాళ్ళకని కంట్లో వేసే చుక్కలు వేరే ఉన్నాయి. కేంద్ర ఆయుర్వేద పరిశోధన మండలికి విచారణ అప్పగించారు. మందు తీసుకున్న కొన్ని వందల మందితో ఫోన్‌లో మాట్లాడి వివరాలు సేకరించారు. మే 31న రాష్ట్ర ప్రభుత్వం కంటి చుక్కలు తప్ప మిగతావాటిలో పరిశీలన పూర్తయిన రకాలకు అనుమతి ఇచ్చింది. ఆ ప్రకటనలో మూడు సంగతులున్నాయి. దీనివల్ల కోవిడ్ తగ్గుతుందనడానికి నిర్ధారణ లేదు. హాని కనిపించలేదు. డాక్టర్లు రాసిన మందులు మానకూడదు.

జనానికి చేరింది మాత్రం "అనుమతి వచ్చింది" అన్న ఒక్క ముక్క. "హాని లేదు" అన్న మాటకూ "పనిచేస్తుంది" అన్న మాటకూ మధ్య ఎంత దూరముందో ఎవరూ వివరించలేదు. ఫోన్ చేసి అడిగితే పోలిక దొరకదు, ఎందుకంటే అవతలి గుంపు లేదు.

కంటి చుక్కల సంగతి వేరు. నోట్లో వేసుకున్నదాన్ని కడుపులోని ఆమ్లం కొంత శుద్ధి చేస్తుంది. కంటికి ఆ కాపు లేదు. అందుకే కంటి మందును సూక్ష్మక్రిములు ఏమాత్రం లేకుండా తయారు చేయాలి. ఆకు పసరు, తేనె కలిపి చేత్తో నూరిన దాంట్లో ఆ హామీ ఉండదు. నల్లగుడ్డుకు పుండు పడితే చూపే పోవచ్చు. చుక్క పడగానే మండి, మనిషి ఉలిక్కిపడి గబగబా ఊపిరి తీస్తే యంత్రంలో అంకె కాసేపు పెరగనూ వచ్చు. ఊపిరితిత్తులు బాగుపడ్డాయనడానికి అది చాలదు.

డాక్టరు చీటీకి కూడా ఇదే పరీక్ష

ఇంతవరకు చదివి "చూశారా, నాటు మందు ఇంతే" అనుకునేవాళ్ళకు రెండో సగం చెప్పాలి. అదే నెలలో మన ఊళ్ళలో డాక్టర్లు, ఆర్‌ఎంపీలు రాసిన చీటీల్లో ఏముంది? అజిత్రోమైసిన్, డాక్సీసైక్లిన్, ఐవర్‌మెక్టిన్, కొన్నిచోట్ల హైడ్రాక్సీక్లోరోక్విన్. పెద్దాసుపత్రుల్లో ప్లాస్మా. ఇవి ఏమైనట్టు?

హైడ్రాక్సీక్లోరోక్విన్ ఆసుపత్రి రోగుల్లో చావులను తగ్గించలేదని బ్రిటన్‌లోని రికవరీ పరీక్ష 2020 జూన్‌లోనే తేల్చింది. అజిత్రోమైసిన్ సంగతి ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ నడిపిన ప్రిన్సిపుల్ పరీక్షలో తేలింది. అది ఆసుపత్రిలో కాకుండా ఇళ్ళలో ఉన్న పెద్ద వయసువాళ్ళ మీద, ప్రాథమిక వైద్యం స్థాయిలోనే జరిగింది. అజిత్రోమైసిన్ వల్ల చెప్పుకోదగ్గ మేలు లేదని 2021 మొదట్లోనే వచ్చింది. డాక్సీసైక్లిన్ కూడా అంతేనని అదే ఏడాది జులైలో ప్రచురించారు. ఐవర్‌మెక్టిన్‌ను బ్రెజిల్‌లో 1,358 మంది మీద పరీక్షించి 2022 మార్చిలో ఫలితం చెప్పారు. జబ్బు ముదిరి ఆసుపత్రిలో చేరాల్సి వచ్చినవాళ్ళు, అత్యవసర విభాగంలో చాలాసేపు ఉండాల్సి వచ్చినవాళ్ళు కలిపి మందు గుంపులో 14.7 శాతం, ఉత్తుత్తి బిళ్ళ గుంపులో 16.3 శాతం. అంత చిన్న తేడా యాదృచ్ఛికంగా కూడా వస్తుంది. అయినా ఐవర్‌మెక్టిన్, హైడ్రాక్సీక్లోరోక్విన్ రెండూ మన జాతీయ మార్గదర్శకాల్లో 2021 సెప్టెంబరు దాకా ఉన్నాయి.

ప్లాస్మా కథ మన దేశానిదే. భారత వైద్య పరిశోధన మండలి 39 ఆసుపత్రుల్లో 464 మంది మీద పరీక్ష చేసింది. జబ్బు తీవ్రం కావడమో, చనిపోవడమో ప్లాస్మా ఎక్కించినవాళ్ళలో 19 శాతం, ఎక్కించనివాళ్ళలో 18 శాతం. ఇది 2020 అక్టోబరులో అచ్చయింది. మార్గదర్శకాల నుంచి ప్లాస్మాను తీసేసింది 2021 మే 17న, అంటే కృష్ణపట్నం క్యూకు నాలుగు రోజుల ముందు. ఆ ఏడు నెలలూ ప్లాస్మా దాతల కోసం జనం ఫోన్లు పట్టుకుని తిరుగుతూనే ఉన్నారు.

మరి మూఢనమ్మకం కృష్ణపట్నానికే పరిమితమా? ఇంగ్లీషులో రాసిన చీటీ అయితే అది శాస్త్రమా? ఈ ప్రశ్న అడిగే హక్కు మనకుంది. దళితులుగా మనకు ఇది కొత్త ప్రశ్న కాదు. ఎవరి నోటి నుంచి వచ్చిందన్నదాన్ని బట్టి మాటకు విలువ కట్టడమే కులం నేర్పిన పద్ధతి. శాస్త్రాల అధికారం ముందు హేతువు నోరు మూసుకోవాలన్న కట్టడిని 1936లోనే బాబాసాహెబ్ అంబేద్కర్ 'కులనిర్మూలన'లో నిలదీశారు. జంధ్యాన్ని అడిగిన ప్రశ్నే తెల్లకోటునూ అడగాలి, నాటు వైద్యుణ్ణీ అడగాలి.

పరీక్షకు నిలిచినవి

నిలిచినవీ ఉన్నాయి. అన్నిటికన్నా పెద్దది డెక్సామెథాసోన్. కొన్ని రూపాయలకు దొరికే పాత స్టెరాయిడ్ మందు అది. రికవరీ పరీక్షలో వెంటిలేటర్ మీదున్నవాళ్ళలో చావులు 41.4 శాతం నుంచి 29.3కు, ఆక్సిజన్ మీదున్నవాళ్ళలో 26.2 నుంచి 23.3కు తగ్గాయి. కానీ ఆక్సిజన్ అవసరం లేనివాళ్ళకు మేలేమీ కనిపించలేదు. వాళ్ళలో మందు ఇచ్చిన గుంపులో 17.8 శాతం, ఇవ్వని గుంపులో 14 శాతం చనిపోయారు. ఈ తేడాతో హాని రుజువైందని చెప్పలేం. మేలు చేస్తుందని ఇవ్వడానికి మాత్రం ఏ ఆధారమూ లేదు.

ఇక్కడ పల్లె డాక్టరు గుర్తుపెట్టుకోవలసింది మందు పేరొక్కటే కాదు, దాని సమయం కూడా. 2021లో జ్వరమొచ్చిన రెండో రోజే స్టెరాయిడ్ రాసినవాళ్ళు చాలామంది. షుగర్ ఉన్నవాళ్ళలో అది షుగర్‌ను ఇంకా పెంచింది. ఆ ఏడాది దేశమంతా వేలమందిని పట్టుకున్న బ్లాక్ ఫంగస్‌కు అదుపులో లేని షుగర్, ఇష్టమొచ్చినట్టు వాడిన స్టెరాయిడ్ ముఖ్య కారణాలు. ప్రిన్సిపుల్ పరీక్షలోనే ఆస్తమా వాళ్ళు పీల్చే బుడెసోనైడ్ వల్ల ఇంట్లో ఉన్న రోగులు సుమారు 3 రోజులు ముందుగా కోలుకున్నారని 2021 ఆగస్టులో అచ్చయింది. అది చిన్న మేలే, కానీ లెక్కకు నిలిచిన మేలు.

వేలికి తగిలించే ఆక్సీమీటర్ గురించి కూడా చెప్పాలి. చర్మం గుండా వెలుతురు పంపి రక్తంలో ఆక్సిజన్‌ను అంచనా కట్టే యంత్రం అది. 2020 డిసెంబరులో అమెరికాలోని మిషిగన్ యూనివర్సిటీ పరిశోధకులు ఒక సంగతి బయటపెట్టారు. యంత్రం 92 నుంచి 96 మధ్య చూపిస్తున్నప్పుడు రక్తం తీసి పరీక్షిస్తే నిజానికి 88 కన్నా తక్కువున్నవాళ్ళు నల్లజాతి రోగుల్లో 11.7 శాతం, తెల్లజాతి రోగుల్లో 3.6 శాతం. చర్మం నలుపైతే యంత్రం ఉన్నదానికన్నా ఎక్కువ చూపే ప్రమాదం ఎక్కువన్నమాట. ఎండలో కాయకష్టం చేసే మన జనానికి ఇది పట్టని సంగతా? అంకె 95 ఉన్నా మనిషి ఆయాసపడుతుంటే, మాట మధ్యలో ఆగిపోతుంటే, నిమిషానికి తీసే ఊపిర్లు పెరిగితే "నెంబరు బాగానే ఉంది, ఇంటికి పొమ్మని" పంపకూడదు. ఒక్కసారి చూసిన అంకె కన్నా పూటపూటకూ దిగిపోతున్న అంకె ఎక్కువ చెబుతుంది.

మన జ్ఞానాన్ని ఏం చేద్దాం

మన మిత్రుల్లోనే కొందరు వేరే వాదన చేశారు. నాటు వైద్యం కింది కులాల జ్ఞానం, దాన్ని కార్పొరేట్ ఆసుపత్రులు తొక్కేస్తున్నాయి అన్నారు. ఇందులో నిజముంది. తరతరాలుగా ఊరందరి కాన్పులు చేసిన మంత్రసానుల్లో మన వాడల ఆడవాళ్ళు ఎందరో. నెల్లూరు తీరంలో యానాదులకు తెలిసిన ఆకులు, వేర్లు పుస్తకాల్లోకి ఎక్కనివి ఎన్నో. ఈ జ్ఞానాన్ని అంటరానిదిగా చూశారు.

కానీ గౌరవించడమంటే పరీక్ష నుంచి మినహాయించడం కాదు. చైనా శాస్త్రవేత్త టు యుయు జ్వరానికి వాడే ఒక పాత మూలికను పట్టుకుని ఒక్కో పద్ధతిలో పరీక్షిస్తూ పోయింది. మరిగిస్తే గుణం పోతోందని గుర్తించి, 1971లో తక్కువ వేడి మీద సారం తీసింది. అదే మలేరియాకు ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్న ఆర్టెమిసినిన్. 2015లో ఆమెకు నోబెల్ బహుమతి వచ్చింది. కృష్ణపట్నం మందుకు కూడా చీటీల పద్ధతిలో మంచి పరీక్ష జరిపించాలని అడగడమే దానికి చేయగల మర్యాద. గెలిస్తే అందరిదీ అవుతుంది, ఓడితే ప్రాణాలు మిగులుతాయి.

పరీక్ష పేరుతో మన పిల్లలు

అయితే "పరీక్ష" అనగానే మన జనం ఉలిక్కిపడటానికీ కారణముంది. 2009లో ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలు సుమారు 14,000 మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని ఇది. ఆ పిల్లల్లో ఆదివాసీ హాస్టళ్ళలో చదువుకునేవాళ్ళు ఎందరో. ఖమ్మంలో అయిదుగురు, ఇదే పని జరిగిన గుజరాత్‌లో ఇద్దరు పిల్లలు చనిపోయారు. 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ చావులకు టీకా కారణం కాదని విచారణ సంఘం చెప్పింది. కానీ 2,763 అంగీకార పత్రాల మీద సంతకాలు పెట్టింది హాస్టల్ వార్డెన్లు, హెడ్మాస్టర్లు అని బయటపడింది. తల్లిదండ్రులను అడగలేదు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది.

ఆ టీకా నిజంగానే క్యాన్సర్‌ను గట్టిగా అడ్డుకుంటుందని తర్వాతి పరిశోధనలు రుజువు చేశాయి. అడగకుండా వేసిన తప్పు దానితో మాసిపోదు. పరీక్ష కావాలి. అది చెప్పి, అడిగి, కాదంటే వదిలేసి, ఏదైనా అయితే చూసుకునే పూచీతో జరగాలి. ఈ రెండిటినీ ఒకే నోటితో అడగాలన్నది మా అభిప్రాయం.

తిండిని పరీక్షిస్తే

పరీక్ష బిళ్ళలకే కాదు. జార్ఖండ్‌లో నాలుగు జిల్లాల్లో 2019 నుంచి 2022 దాకా తిండినే పరీక్షించారు. క్షయ రోగులు 2,800 మంది, వాళ్ళ ఇండ్లలోవాళ్ళు 10,345 మంది. వీళ్ళలో ఎక్కువమంది ఆదివాసులు. రోగులందరికీ ఆహారం ఇచ్చారు. కుటుంబాల విషయంలో మాత్రం సగం ప్రాంతాల్లోనే మనిషికి నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు ఇచ్చారు. ఆ ఇండ్లలో కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గింది. ఉమ్మిలో క్రిమి కనిపించే, ఇతరులకు అంటే రకం క్షయ 48 శాతం తగ్గింది. రోగుల్లో మొదటి రెండు నెలల్లో 5 శాతం బరువు పెరిగినవాళ్ళకు చావు ముప్పు బాగా తక్కువగా కనిపించింది. 2023 ఆగస్టులో ఇది అచ్చయింది.

ఆకలే జబ్బని మన పెద్దవాళ్ళు అంటూనే ఉన్నారు. ఇప్పుడది లెక్కతో తేలింది. క్షయ రోగికి ప్రభుత్వమిచ్చే పోషణ సాయాన్ని 2024 నవంబరు నుంచి నెలకు 500 నుంచి 1,000 రూపాయలకు పెంచారు. ఇంట్లో మిగతావాళ్ళ కంచాల సంగతేమిటని అడగడానికి ఈ పరిశోధన మన చేతికొచ్చిన ఆయుధం.

ఏం అడగాలి

మందు ఎవరిచ్చినా సరే, అది ఆనందయ్య మందైనా, ఆర్‌ఎంపీ ఇంజెక్షనైనా, కార్పొరేట్ ఆసుపత్రి బిల్లైనా, కొన్ని ప్రశ్నలు అడగడం మన వాళ్ళకు అలవాటు చేద్దాం.

ఒకటి, దీన్ని తీసుకోనివాళ్ళతో పోల్చి చూశారా? రెండు, ఎంతమంది మీద? మూడు, తగ్గిందంటే ఏం తగ్గింది, చావా, ఆసుపత్రి పాలవడమా, ఒట్టి దగ్గా? నాలుగు, ఇది ఏ దశలో ఇవ్వాలి, ఎవరికి ఇవ్వకూడదు? అయిదు, దీని వల్ల వచ్చే నష్టమేమిటి, ఖర్చెంత? ఆరు, దీన్ని నమ్ముకుని ఇంకో అవసరమైన వైద్యాన్ని ఆలస్యం చేస్తున్నామా? కృష్ణపట్నం క్యూలో ఆక్సిజన్ తగ్గిపోతున్న మనిషి పోగొట్టుకున్నది ఆ ఆఖరి ప్రశ్నలో ఉంది, ఆసుపత్రి దారిలో గడవాల్సిన గంటలు.

ఈ ప్రశ్నలకు జవాబులు ఇంగ్లీషు వైద్య పత్రికల్లో ఉన్నాయి. పల్లె డాక్టరుకు చదివే తీరిక లేదు, ఆశా కార్యకర్తకు ఆ భాష అందదు. మందుల కంపెనీ ప్రతినిధి మాత్రం క్రమం తప్పకుండా వస్తాడు. కనుక ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఏ మందు నిలిచింది, ఏది నిలవలేదు అన్నది తెలుగులో రాసి గోడకు పెట్టాలని డిమాండ్ చేయాలి. మార్గదర్శకాలు మారితే ఆ వారంలోనే ఆశా కార్యకర్త దాకా చేరాలి. యూనివర్సిటీల్లో ఉన్న మనం కూడా ఈ పనిలో ఒక చెయ్యి వేయాలి. మన పల్లెల నుంచి వైద్య కళాశాలలకు పోయిన పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు వాడలో ఒక సాయంత్రం కూర్చుని ఇట్లాంటి ఒక్క పరిశోధనను చెప్పినా మొదలైనట్టే.